దిగుతున్న విమానంలో వేగం ఎవరి బాధ్యత? కాక్‌పిట్ ఆటోమేషన్‌ను రూపొందించే పద్ధతి

విమానం రన్‌వే వైపు దిగే చివరి కొన్ని నిమిషాల్లో వేగాన్ని, దిగే కోణాన్ని చూసుకునే ఒక ఆటోమేషన్ వ్యవస్థను రూపొందించే పని మీ బృందానికి అప్పగించారని అనుకోండి. ఇంజన్ల థ్రస్ట్‌ను, అంటే విమానాన్ని ముందుకు నెట్టే బలాన్ని, ఎలా పెంచాలో తగ్గించాలో, ఏ సెన్సార్ నుంచి ఏ విలువ తీసుకోవాలో, ఆ లెక్క సెకనుకు ఎన్నిసార్లు జరగాలో మీ నియంత్రణ ఇంజనీర్లకు బాగా తెలుసు. ఆ లెక్కలన్నీ సరిగ్గా కుదిరిన తరువాత కూడా ఒక పెద్ద పని మిగిలే ఉంటుంది. ఆ యంత్రమూ, ఆ ఇద్దరు పైలట్లూ ఒకే విమానాన్ని ఒకే ఉద్దేశంతో నడిపేలా చూడాలి. ఆ పనిని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ దశనే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం మన దేశంలోనే ఉంది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి బెంగళూరు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం రన్‌వేకు ముందే ఒక గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. అందులో ఉన్న 146 మందిలో 92 మంది మరణించారు. అది అప్పటికి కొత్తగా సర్వీసులోకి వచ్చిన ఎయిర్‌బస్ ఏ320. ఇంజన్లు పాడవలేదు, కంప్యూటర్లు మొరాయించలేదు. ఇంజన్ల శక్తిని తానే సర్దే ఆటోథ్రస్ట్ వ్యవస్థ, తాను ఉన్న ఓపెన్ డిసెంట్ అనే దిగే మోడ్‌కు తగినట్లుగా, ఇంజన్లను ఐడిల్‌లోనే, అంటే కనిష్ఠ శక్తిలోనే ఉంచింది. ఆ మోడ్‌లో వేగాన్ని కాపాడే బాధ్యత ఇంజన్లది కాదని, విమానం ముక్కు కోణానిదని పైలట్లు సకాలంలో గ్రహించలేకపోయారు. యంత్రం తన వంతు పనిని నియమం తప్పకుండా చేస్తూనే ఉంది, వేగం పడిపోతూనే ఉంది. మీరు రూపొందించబోయే వ్యవస్థ ఇలాంటి పరిస్థితిలో ఏం చేస్తుందన్నదే అడుగడుగునా మీ ప్రశ్న కావాలి.

మొదటి అడుగు: సెకన్ల పద్దు రాసుకోండి

స్క్రీన్ బొమ్మలు గీయడానికి ముందు, ఆ చివరి నిమిషాల్లో కాక్‌పిట్‌లో జరిగే పనులను ఎత్తుల వారీగా ఒక పట్టికలో రాయండి. ఒక వరుసలో ఎత్తు, పక్కన విమానం నడిపే పైలట్ చేసే పని, ఆ పక్కన పర్యవేక్షించే పైలట్ చేసే పని, ఆ తరువాత యంత్రం చేసే పని, చివరగా ఆ సమయంలో ఎవరి కళ్లు ఎటువైపు ఉంటాయి అన్నది ఉండాలి. చక్రాలు దించడం, రెక్కల వెనుక అంచు పలకలైన ఫ్లాప్‌లు వేయడం, కంట్రోల్ టవర్‌కు జవాబు చెప్పడం, చెక్‌లిస్ట్ చదవడం, కిటికీలోంచి రన్‌వే వెతకడం అన్నీ ఒకదానిపై ఒకటి పడే చోట్లు ఈ పట్టికలో వెంటనే కనిపిస్తాయి. ఈ పట్టికను కుర్చీలో కూర్చుని ఊహించి రాయకూడదు. రోజువారీ సర్వీసులు నడిపే లైన్ పైలట్లతో సిమ్యులేటర్‌లో గంటల తరబడి కూర్చుని, వాళ్లు చేసేది చూసి రాయాలి, ఎందుకంటే మాన్యువల్‌లో ఉన్న వరుస, నిజంగా జరిగే వరుస తరచుగా వేరుగా ఉంటాయి.

తరువాత సమయాన్ని లెక్కించండి. 3 డిగ్రీల మార్గంలో ఒక నాటికల్ మైలుకు విమానం సుమారు 318 అడుగులు దిగుతుంది. భూమి మీద దాని వేగం 140 నాట్లు అయితే నిమిషానికి సుమారు 740 అడుగులు, అంటే సెకనుకు 12 అడుగులకు కాస్త పైన. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి నేల వరకు దాదాపు 80 సెకన్లు మాత్రమే ఉంటాయి. ఇక జెట్ ఇంజన్ ఐడిల్ నుంచి పూర్తి శక్తికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ల్యాండింగ్ ఆకృతిలో మళ్లీ పైకి లేచే సామర్థ్యాన్ని చూపేటప్పుడు, లీవర్లను ముందుకు తోసిన 8 సెకన్ల తరువాత లభించే థ్రస్ట్‌నే లెక్కలోకి తీసుకోవాలని రవాణా విమానాల ధ్రువీకరణ నిబంధనలు చెబుతాయి. ఆ 8 సెకన్లలో విమానం అదే వేగంతో దిగుతూ పోతే సుమారు వంద అడుగులు పోతాయి. ఏదో తేడా జరిగిందని మనిషి గమనించి, నమ్మి, చేయి కదపడానికి పట్టే సమయాన్ని నాలుగైదు సెకన్లుగా అనుకున్నా మరో 50, 60 అడుగులు కలుస్తాయి. అంటే సుమారు 160 అడుగుల కంటే కింద మీ వ్యవస్థ ఇచ్చే వేగం హెచ్చరిక పైలట్‌కు సమాచారం మాత్రమే, అతడి చేతికి ఆయుధం కాదు. ఈ సంఖ్యను మీ విమానం నిజమైన లెక్కలతో తేల్చుకుని గోడ మీద అంటించుకోండి. ఇకపై ప్రతి నిర్ణయాన్నీ దానితోనే తూచాలి.

రెండవ అడుగు: వ్యవస్థ చేతులెత్తేసే క్షణాన్ని ముందుగా రూపొందించండి

చాలా బృందాలు వ్యవస్థ పనిచేసే తీరును ఏళ్ల తరబడి మెరుగుపరిచి, అది ఆగిపోయే తీరును చివరి నెలల్లో ఒక దీపం, ఒక శబ్దంతో సరిపెడతాయి. ఈ వరుసను తలకిందులు చేయమని నా సలహా. ఆటోమేషన్ పనిని వదిలే మార్గాలన్నిటినీ ముందుగా రాయండి. అవి మూడు రకాలుగా తేలతాయి. పైలట్ కోరుకుని వదిలించడం మొదటిది. సెన్సార్ తప్పిపోయో, పరిమితి దాటో యంత్రం తనంతట తానే వదలడం రెండవది. పని వదిలేసి కూడా వదిలినట్లు చెప్పకుండా కూర్చోవడం మూడవది. మొదటి రెండింటి కంటే ఇదే ప్రాణాంతకం.

మూడవ రకానికి మంచి ఉదాహరణ 2013 జూలై 6న శాన్ ఫ్రాన్సిస్కోలో దిగుతూ సముద్రపు గోడను తాకిన ఆసియానా 214. బోయింగ్ 777లో దిగే క్రమంలో ఒక మోడ్ ఎంచుకోవడంతో ఇంజన్లు పైకి వెళ్లే శక్తి తీసుకోబోయాయి. పైలట్ ఆటోపైలట్‌ను తీసేసి, లీవర్లను తానే వెనక్కి లాగారు. దానితో ఆటోథ్రాటిల్ (బోయింగ్‌లో ఆటోథ్రస్ట్‌కు పేరు) ‘హోల్డ్’ అనే స్థితిలోకి వెళ్లింది. ఆ స్థితిలో అది లీవర్లను కదపదు, వేగం పడిపోయినా తిరిగి మేలుకోదు. ఉండవలసిన వేగం 137 నాట్లు కాగా, అది 103 నాట్ల వరకు పడిపోయింది. ముగ్గురు మరణించారు. నాకు ఆ పేరే అభ్యంతరకరంగా తోస్తుంది. ‘హోల్డ్’ అంటే సామాన్యుడికి పట్టుకుని ఉన్నాననే అర్థం వస్తుంది. ఇక్కడ యంత్రం పట్టు సడలించింది. పాడైన భాగం కంటే, పనిచేస్తున్నట్లు కనిపిస్తూ పని మానేసిన భాగం కనిపెట్టడం ఎంతో కష్టం.

అందువల్ల మీ పట్టికలో ప్రతి వదిలే మార్గానికి నాలుగు జవాబులు ఉండాలి. వదిలిన సంగతి ఇద్దరు పైలట్లకూ ఏ ఇంద్రియం ద్వారా తెలుస్తుంది? వదిలేముందు యంత్రం ఎంత ముందుగా చెప్పగలదు? వదిలిన క్షణంలో విమానం ఏ స్థితిలో మనిషి చేతికి వస్తుంది, ఉదాహరణకు ముక్కు కోణాన్ని నిలబెట్టే ట్రిమ్ ఎక్కడికో జరిగిపోయి ఉందా, ఇంజన్లు అసమానంగా ఉన్నాయా? తరువాతి పది సెకన్లలో పైలట్ చేయవలసిన ఒకే ఒక్క పని ఏమిటి? నాలుగవ ప్రశ్నకు మీ దగ్గర రెండు వాక్యాలకు మించిన జవాబు ఉంటే, ఆ అప్పగింత ఇంకా రూపుదిద్దుకోలేదన్న మాట.

ఎత్తైన ఆకాశంలో జరిగినా, 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 ఈ అడుగుకు తప్పనిసరి పాఠం. గాలి వేగాన్ని కొలిచే పిటోట్ గొట్టాల్లో మంచు చేరి వేగం కొలతలు తప్పగానే ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ తప్పుకున్నాయి. అక్కడికి నిబంధన ప్రకారమే జరిగింది. ఆ తరువాత విమానం స్టాల్‌లోకి, అంటే రెక్కలు ఎత్తే బలం కోల్పోయే స్థితిలోకి వెళ్లి, కొలిచిన వేగం 60 నాట్ల కంటే తగ్గినప్పుడు, రెక్క కోణం (ఎదురుగాలితో రెక్క చేసే కోణం) కొలతలను చెల్లనివిగా భావించిన తర్కం స్టాల్ హెచ్చరికను ఆపేసింది. ముక్కు దించి వేగం కాస్త పెరిగినప్పుడు కొలత మళ్లీ చెల్లుబాటై హెచ్చరిక మళ్లీ మోగింది. సరైన పని చేస్తే అరిచి, తప్పు పని చేస్తే మౌనంగా ఉన్నట్లయింది. ఆ రాత్రి 228 మంది పోయారు. డేటా చెల్లనప్పుడు హెచ్చరిక ఏం చేయాలన్నది సాఫ్ట్‌వేర్ వివరంగా కనిపించవచ్చు, కాని అది పైలట్‌తో మీరు మాట్లాడే భాషలో భాగం. దాన్ని మనుషులు యంత్రాలతో ఎలా పనిచేస్తారో పరిశీలించే మానవ కారకాల నిపుణుడు, ప్రోగ్రామర్ కలిసి కూర్చుని నిర్ణయించాలి.

మూడవ అడుగు: పని పంచేటప్పుడు మిగిలినది మనిషికి వదలకండి

మనుషులు దేనిలో మెరుగు, యంత్రాలు దేనిలో మెరుగు అనే జాబితాను 1951లో పాల్ ఫిట్స్ బృందం ఇచ్చింది. మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది. అయితే దాన్ని అక్షరాలా పాటిస్తే, యంత్రానికి వచ్చినదంతా యంత్రానికి ఇచ్చి, దానికి రాని చిల్లరమల్లర పనులూ, దాన్ని గమనిస్తూ కూర్చునే పనీ మనిషికి మిగులుతాయి. ఏమీ జరగని తెరను గంటల తరబడి గమనించడం మనిషికి బొత్తిగా చేతకాని పని అని, చేయకుండా వదిలేసిన నైపుణ్యం అవసరమైనప్పుడు చేతికి రాదని 1983లో లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ చూపించారు.

కాబట్టి మీ వ్యవస్థలో పైలట్‌కు చూసే పని కాకుండా చేసే పని ఒకటి ఉంచండి. లక్ష్య వేగాన్ని యంత్రం లెక్కించి నిశ్శబ్దంగా అమలు చేయడం కంటే, లెక్కించి చూపి పైలట్ ఒప్పుకున్నాక అమలు చేయడం మంచిది. పర్యవేక్షించే పైలట్ వెయ్యి అడుగుల వద్ద వేగం, థ్రస్ట్, దిగే రేటు ఈ మూడింటినీ నోటితో చెప్పేలా డిస్‌ప్లేలో ఆ మూడూ ఒకే చూపులో పడేలా అమర్చండి.

నాలుగవ అడుగు: మోడ్‌లను బాణాలతో గీసి, ప్రతి బాణాన్నీ ప్రశ్నించండి

మోడ్ అంటే ఒకే మీట, ఒకే తెర వేర్వేరు సమయాల్లో వేర్వేరు పనులు చేయడం. పెద్ద కాగితం మీద మీ వ్యవస్థలోని మోడ్‌లన్నిటినీ గుండ్రాలుగా గీసి, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లే ప్రతి దారినీ బాణంతో చూపండి. పైలట్ నేరుగా నొక్కినందువల్ల జరిగే మార్పులను ఒక రంగులో, పైలట్ వేరే పని చేసినందువల్ల పక్కవాటంగా జరిగే మార్పులను రెండో రంగులో, యంత్రం తనంతట తాను చేసే మార్పులను మూడో రంగులో గీయండి. రెండవ, మూడవ రంగుల బాణాలే మీకు శత్రువులు. వాటిలో వీలైనన్నిటిని తీసేయండి. తీయలేని వాటికి ఎందుకు తీయలేమో పక్కన ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ బాణం ఉండకూడదు.

బెంగళూరు ప్రమాదంలో ఒక చిన్న తర్కం ఎంత బరువైనదో గమనించండి. విమానాన్ని ఎటు నడపాలో తెర మీద సూచించే ఫ్లైట్ డైరెక్టర్లు పైలట్‌కు ఒకటి చొప్పున రెండు ఉంటాయి. అవి రెండూ ఆపితేనే ఆటోథ్రస్ట్ వేగాన్ని కాపాడే మోడ్‌కు వస్తుంది. ఒకదాన్ని ఆపి రెండవదాన్ని ఉంచితే పాత మోడే కొనసాగుతుంది. వాయిస్ రికార్డర్‌లో నమోదైన సంభాషణలో ఒక పైలట్ తన వైపు ఫ్లైట్ డైరెక్టర్ ఆపినట్లు చెబుతారు, రెండవ వైపుది ఆపలేదన్న సంగతి వెంటనే బయటపడుతుంది. ఇద్దరు మనుషులు, రెండు స్విచ్‌లు, రెంటి కలయిక మీద ఆధారపడే మూడవ ఫలితం. ఇలాంటి ‘రెండూ అయితేనే’ అనే షరతు మీ గీతలో ఎక్కడ కనిపించినా, ఆ షరతు సగమే నెరవేరిన స్థితిని తెర మీద విడిగా చూపండి, లేదా షరతునే మార్చండి.

మోడ్ మారినప్పుడు కొత్త పేరు చుట్టూ పది సెకన్ల పాటు ఒక పెట్టె గీసి చూపే పద్ధతి ఎయిర్‌బస్, బోయింగ్ విమానాల్లో ఉంది. అది అవసరమే, అయితే సరిపోదు. పైలట్ల కళ్ల కదలికలను నమోదు చేసిన ప్రయోగాల్లో మోడ్ పేర్లు చూపే ఆ గడులను చూడవలసిన వేళ చూడకపోవడం పదేపదే బయటపడింది. కారణం బద్ధకం కాదు. మనం ఊహించిన మార్పును వెతుకుతాం, ఊహించని మార్పును వెతకం. అందుకే మోడ్ పేరు రాసే గడి మీద భారమంతా వేయకుండా, మోడ్ ఫలితాన్ని పైలట్ ఎలాగూ చూసే చోటే, అంటే వేగం చూపే పట్టీ మీదే గీయండి. వేగాన్ని ఎవరూ కాపాడడం లేనప్పుడు ఆ పట్టీ రూపమే మారిపోవాలి.

ఐదవ అడుగు: చేతికి, కంటికి పొరపాటు దొరకనివ్వకండి

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బి-17 బాంబర్లు దిగిన తరువాత పైలట్లు ఫ్లాప్‌లు ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. 1943లో ఆల్ఫోన్స్ చపానిస్ రెండు స్విచ్‌లు ఒకే ఆకారంలో పక్కపక్కన ఉన్నాయని గమనించి, చక్రాల మీట కొనకు చక్రం ఆకారం, ఫ్లాప్ మీట కొనకు రెక్క ముక్క ఆకారం పెట్టించారు. ఈనాటికీ ధ్రువీకరణ నిబంధనల్లో ఆ ఆకారాలు ఉన్నాయి. 1947లో ఫిట్స్, జోన్స్ ‘పైలట్ తప్పిదం’ అని రాసిన 460 ఘటనలను పరిశీలించి, వాటిలో చాలా వాటి మూలం కాక్‌పిట్ అమరికలోనే ఉందని చూపారు. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఈ పాఠం అందరికీ తెలుసు, అయినా ప్రతి తరం తాజాగా మరచిపోతుంది.

1992 జనవరి 20న స్ట్రాస్‌బర్గ్ దగ్గర సెయింట్ ఒడీల్ కొండను ఢీకొన్న ఎయిర్ ఇంటర్ 148 కేసు చూడండి. ఒకే డయల్ ఒక మోడ్‌లో దిగే కోణాన్ని, మరో మోడ్‌లో దిగే రేటును సూచించేది. మైనస్ 3.3 డిగ్రీలు అనుకుంటే అంకెలు చూపే చిన్న కిటికీలో ‘-3.3’ కనిపించేది, నిమిషానికి 3,300 అడుగులు అయితే ‘-33’ కనిపించేది. సిబ్బంది కోణం అనుకుని రేటును ఎంచుకుని ఉండవచ్చన్నది దర్యాప్తులో ముఖ్యంగా పరిశీలించిన వివరణ. 3.3 డిగ్రీలకు నిమిషానికి దాదాపు 800 అడుగులు సరిపోయే చోట విమానం నాలుగింతల వేగంతో దిగింది. ఆ విమానంలో భూమి దగ్గరపడుతోందని హెచ్చరించే పరికరం కూడా లేదు. 87 మంది మరణించారు. తరువాత ఎయిర్‌బస్ రేటును నాలుగు అంకెలతో చూపేలా కిటికీని మార్చింది.

మీ పానెల్‌కు మూడు పరీక్షలు పెట్టండి. మొదట, ప్రతి సంఖ్యనూ దాని యూనిట్ లేకుండా ఒంటరిగా కాగితం మీద రాసి, అది వేగమా, కోణమా, ఎత్తా అని కొత్తవారిని అడగండి. ఒక సంఖ్యకు రెండు జవాబులు వస్తే రూపం మార్చాలి. రెండవది, పక్కపక్క నాబ్‌లను కళ్లు మూసుకుని, చేతితో తడిమి మాత్రమే గుర్తించమనండి. బెంగళూరు విచారణలో దిగే రేటుకు బదులు పక్కనున్న ఎత్తు నాబ్‌ను తిప్పి ఉండవచ్చన్న వాదన కూడా పరిశీలనకు వచ్చిందని గుర్తుంచుకోండి. మూడవది, పొట్టివారు, పొడవువారు ఇద్దరినీ కూర్చోబెట్టండి. నిబంధన ప్రకారం 5 అడుగుల 2 అంగుళాల నుంచి 6 అడుగుల 3 అంగుళాల వరకు ఎత్తున్న పైలట్‌కు నియంత్రణలన్నీ అందాలి. ‘సగటు పైలట్’ కోసం గీస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, అమెరికా వైమానిక దళం 1950లో 4,063 మంది పైలట్లను కొలిచినప్పుడు పది ముఖ్యమైన కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదని చెప్పండి.

థ్రస్ట్ లీవర్లు ఆటోమేషన్‌తో పాటు కదలాలా, నిలిచి ఉండాలా అన్న పాత చర్చ మీ సమావేశాల్లో తప్పక వస్తుంది. బోయింగ్‌లో కదులుతాయి, ఎయిర్‌బస్‌లో నిలిచి ఉంటాయి. కదిలే లీవర్ చేతికి సమాచారం ఇస్తుందన్నది నిజమే. అయితే ఆమ్‌స్టర్‌డామ్‌లో 2009 ఫిబ్రవరి 25న టర్కిష్ ఎయిర్‌లైన్స్ 1951 నంబరు విమానంలో లీవర్లు వాటంతట అవే వెనక్కి వెళ్లాయి, అయినా ప్రమాదం తప్పలేదు. కాబట్టి కదలికను ఒక మంత్రంలా నమ్మకండి. నిలిచి ఉండే లీవర్లు ఎంచుకుంటే, ఆ సమాచారాన్ని మరో దారిలో చేతికో చెవికో చేర్చే బాధ్యత మీదే.

ఆరవ అడుగు: యంత్రం దేన్ని నమ్ముతోందో చూపండి

ఆ ఆమ్‌స్టర్‌డామ్ విమానంలో నేల నుంచి ఎత్తును కొలిచే ఎడమ వైపు రేడియో అల్టిమీటర్ మైనస్ 8 అడుగులు చూపింది. విమానం అప్పటికి సుమారు 1,950 అడుగుల ఎత్తులో ఉంది. ఆటోథ్రాటిల్ ఆ ఎడమ కొలతనే నమ్మి, నేల వచ్చేసిందనుకుని, ఇంజన్లను ఐడిల్‌కు తెచ్చింది. ఆటోపైలట్ కుడి వైపు సరైన కొలతతో మార్గం వదలకుండా నడిపిస్తూనే ఉంది. ఒకే విమానంలో రెండు యంత్రాలు రెండు వేర్వేరు ప్రపంచాల్లో ఉన్నాయి. 135 మందిలో తొమ్మిది మంది మరణించారు.

దాదాపు పదేళ్ల తరువాత బోయింగ్ 737 మ్యాక్స్‌లో ఎంక్యాస్ (MCAS) అనే వ్యవస్థ ఒకే ఒక్క రెక్క కోణం సెన్సార్ మీద ఆధారపడి విమానం ముక్కును మళ్లీ మళ్లీ కిందికి తోసింది. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్‌లో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్‌లో 157 మంది ప్రాణాలు పోయాయి. లయన్ ఎయిర్ ప్రమాదం జరిగే నాటికి ఆ వ్యవస్థ పనితీరును పైలట్ల మాన్యువల్‌లో వివరించనే లేదు.

విపత్తుకు దారితీసే వైఫల్యం గంట ప్రయాణానికి వంద కోట్లలో ఒక వంతు కంటే అరుదుగా ఉండాలని భద్రతా విశ్లేషకులు లెక్కిస్తారు. ఆ లెక్కలో ‘పైలట్ వెంటనే గుర్తించి సరిచేస్తాడు’ అనే వాక్యం ఎక్కడ దాగి ఉందో వెతికి, దాని పక్కన మొదటి అడుగులోని మీ సెకన్లను రాయండి. ఆ సెకన్లు సరిపోకపోతే, ఆ వాక్యం మీద నిలబెట్టిన లెక్క మొత్తం కూలుతుంది. థ్రస్ట్‌ను తగ్గించే, ముక్కును తోసే ఏ పనికైనా కనీసం రెండు స్వతంత్ర కొలతలు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే యంత్రం చర్య తీసుకోకుండా తప్పుకుని ఆ విభేదాన్ని పేరు పెట్టి చెప్పాలి. ఏ వైపు కొలత నుంచి తన నిర్ణయం వస్తోందో ఆటోథ్రాటిల్ గడి పక్కన ఒక చిన్న గుర్తుతో చూపడానికి ఖర్చు దాదాపు ఏమీ కాదు.

ఏడవ అడుగు: హెచ్చరికలను వెనుక నుంచి ముందుకు లెక్కించండి

వెంటనే చర్య కావలసినవి ఎరుపులో, వెంటనే తెలియవలసినవి, ఆ తరువాత చర్య కావలసినవి పసుపులో, ఊరికే తెలియవలసినవి వేరే రంగులో ఉండాలన్నది స్థిరపడిన నియమం. దాని మీద ఎక్కువ సమయం ఖర్చు చేయనవసరం లేదు. మీ సమయం హెచ్చరిక ఎప్పుడు రావాలన్న దాని మీద పెట్టండి. స్టాల్ నుంచి కాపాడడానికి రూపొందించిన తక్కువ వేగం హెచ్చరిక ముప్పై వేల అడుగుల ఎత్తులో సరిపోతుంది, కొన్ని వందల అడుగుల ఎత్తులో ఆలస్యమవుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రమాదం తరువాత అమెరికా రవాణా భద్రతా బోర్డు సందర్భాన్ని బట్టి ముందుగా హెచ్చరించే పద్ధతి కావాలని సూచించింది కూడా ఇందుకే. నేల నుంచి వెనక్కి లెక్కించండి. ముందు ఇంజన్ పుంజుకునే 8 సెకన్లు, ఆ పైన మనిషికి కావలసిన సెకన్లు, ఆ పైన కాస్త మార్జిన్. హెచ్చరిక అక్కడ మొదలవ్వాలి.

ఒక శబ్దానికి ఒకే అర్థం ఉండాలి. 2005 ఆగస్టు 14న హీలియోస్ 522లో క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గిందని చెప్పే హారన్, టేకాఫ్ ఆకృతి సరిగా లేదని చెప్పే హారన్ ఒకటే. సిబ్బంది దాన్ని రెండవదిగా అర్థం చేసుకున్నారు. 121 మంది మరణించారు. ఇంకో చివర, 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి బయలుదేరిన కొద్దిసేపటికే ఇంజన్ పేలిన కాంటాస్ 32లో లోపాల సందేశాలు ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉండడంతో వాటిని పూర్తి చేయడానికే సిబ్బందికి సుమారు 50 నిమిషాలు పట్టింది. అక్కడ అనుభవజ్ఞులైన పైలట్లు అదనంగా ఉండడం వల్ల అందరూ క్షేమంగా దిగారు. మీ వ్యవస్థ ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత చక్కగా అరుస్తుందో చూసి తృప్తిపడకండి. పక్కన మరో పది వ్యవస్థలు అరుస్తున్నప్పుడు అది ఎక్కడ నిలబడుతుందో, ఎప్పుడు నోరు మూసుకోవాలో కూడా నిర్ణయించండి.

ఎనిమిదవ అడుగు: ఆశ్చర్యాన్ని కొలవండి

మొదటి పరీక్షకు సిమ్యులేటర్ అక్కర్లేదు. అట్టముక్కల మీద తెరలు గీసి, ఒకరు యంత్రం పాత్ర వహించి, పైలట్ చెప్పినట్లు అట్టలు మారుస్తూ పోతే, పెద్ద లోపాల్లో చాలావరకు ఒక మధ్యాహ్నంలో బయటపడతాయి. ఆ తరువాతే సిమ్యులేటర్. అక్కడ మిగతా పరీక్షల కంటే నేను ముఖ్యంగా నమ్మేది ఆపి అడిగే పద్ధతి. మైకా ఎండ్స్‌లీ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో, చెప్పకుండా సిమ్యులేషన్‌ను స్తంభింపజేసి, తెరలు ఆర్పేసి, పైలట్‌ను అడుగుతారు. ఇప్పుడు వేగం ఎంత, దాన్ని ఎవరు కాపాడుతున్నారు, ఇంకో ముప్పై సెకన్లలో యంత్రం ఏం చేయబోతోంది? ‘ఎవరు’ అన్న ప్రశ్నకు ఇద్దరు పైలట్లు వేర్వేరు జవాబులు చెప్పిన ప్రతిసారీ మీ మోడ్ గీతకు తిరిగి వెళ్లండి. పనిభారం కోసం నాసా తయారుచేసిన ఆరు ప్రమాణాల ప్రశ్నావళి ఉపయోగపడుతుంది, అయితే పనిభారం తక్కువగా ఉందంటే అవగాహన ఎక్కువగా ఉందని అర్థం కాదు. ఎయిర్ ఇంటర్ విమానంలో ఆఖరి నిమిషం దాకా పనిభారం మామూలుగానే కనిపించి ఉంటుంది.

పరీక్షలకు టెస్ట్ పైలట్లను మాత్రమే పిలిస్తే ఫలితాలు అందంగా వస్తాయి. రాత్రి నాలుగు సెక్టార్లు (ఒక్కో టేకాఫ్ నుంచి ల్యాండింగ్ వరకు ఒక సెక్టార్) నడిపి అలసిన లైన్ పైలట్లను, ఈ విమానానికి కొత్తగా మారిన వాళ్లను, వేర్వేరు దేశాల్లో శిక్షణ పొందిన వాళ్లను పిలవండి. ఫలితాలు అప్పుడు నిజానికి దగ్గరగా వస్తాయి. సిబ్బంది పొరపాటు చేసినా దాన్ని కనిపెట్టి సరిదిద్దుకునే వీలు రూపకల్పనలోనే ఉండాలని 25.1302 అనే ధ్రువీకరణ నిబంధన కోరుతుంది. కాబట్టి ఈ రికార్డులన్నీ భద్రంగా దాచండి. అవి రేపు మీ ధ్రువీకరణ పత్రాల్లో సగం.

చివరి అడుగు: మాన్యువల్‌ను ముందే రాయండి

కోడ్ పూర్తయ్యాక మాన్యువల్ రాయడం రివాజు. మీరు వ్యవస్థ తర్కం స్థిరపడక ముందే, పైలట్ చదివే భాషలో దాన్ని అర పేజీలో రాయించండి. అర పేజీలో ఇమడకపోతే, పేజీని పెంచకండి, తర్కాన్ని తగ్గించండి. ఆసియానా దర్యాప్తులో ఆటోథ్రాటిల్, ఆటోపైలట్ వ్యవస్థల సంక్లిష్టతనూ, తయారీదారు పత్రాల్లో, ఎయిర్‌లైన్ శిక్షణలో వాటి వివరణ సరిపోయేంతగా లేకపోవడాన్నీ కారణాల్లో చేర్చారు. ఒక ‘మినహాయింపు’ను వివరించడానికి మూడు వాక్యాలు అవసరమైన చోట, ఆ మినహాయింపు కోరుకున్న ఇంజనీరును పిలిచి, దాన్ని పైలట్‌కు గట్టిగా చదివి వినిపించమనండి. చాలా మినహాయింపులు అక్కడే రాలిపోతాయి.

విమానం సర్వీసులోకి వెళ్లిన తరువాత, ఫ్లైట్ డేటా రికార్డుల నుంచి ఒక సంఖ్యను నెలనెలా తెప్పించుకోండి. వెయ్యి అడుగుల కంటే కింద పైలట్లు మీ వ్యవస్థను ఎన్నిసార్లు చేత్తో తప్పించారు, ఆ తరువాతి పది సెకన్లలో వేగం ఎటు పోయింది? ఏదైనా ఒక విమానాశ్రయంలో, ఒక రన్‌వే మీద ఆ సంఖ్య మిగతా చోట్ల కంటే ఎక్కువగా ఉంటే, ఆ పైలట్లను పిలిచి కారణం అడగండి. వాళ్లు చెప్పినదాన్ని మొదటి అడుగులో రాసిన ఆ సెకన్ల పట్టికలో కొత్త వరుసగా చేర్చండి.